డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు: నీలిరంగుతో కట్టిన లెక్క

విజయవాడ నుండి గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరము పోవు రైలులో కూర్చున్నవారికి ఒకప్పుడు ఇరువైపుల వరిచేలే కనబడేవి. ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు కనబడుచున్నవి. 2019 జూలైలో భారత ప్రభుత్వము ఒక ఉత్తరువు వెలువరించినది. పశువులకు, కోళ్లకు, చెరువులలో పెంచెడి చేపలకు, రొయ్యలకు కొలిస్టిన్ అను మందును ఇకమీదట వాడరాదనియు, మేతలలో కలుపరాదనియు దాని సారాంశము. తక్కిన మందులన్నియు విఫలమైన రోగికి వైద్యులు కడపట ఆశ్రయించు మందులలో కొలిస్టిన్ ఒకటి. దానిని మేతలో కలిపి వెదజల్లినచో దానికి లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొని వచ్చునన్న భయమే ఆ నిషేధమునకు మూలము. ఈ మందు పాలిమిక్సిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబము వెలుగు చూచిన కాలమున, దానిని వెదకిన పెద్ద వ్యాపార సంస్థకు చెందిన లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనాధిపతిగా నుండినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు పుట్టినది ఈ భీమవరములోనే, 1895 జనవరి 12వ తేదీన.

తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. పిల్లలు ఏడుగురు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము విడువవలసి వచ్చుటతో సంసారము బరువైనది. సుబ్బారావు చదువులో మెరిసిన పిల్లవాడు కాడు. రాజమహేంద్రవరములో చదువుచుండగా, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పారిపోయినాడు. పెద్దలు తిరిగి ఇంటికి తెచ్చినారు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పినాడు. తల్లి నగలు అమ్మి చదివించినది. మూడవసారి మదరాసు హిందూ హైస్కూలు నుండి పరీక్ష ఇచ్చి గట్టెక్కినాడు. పరీక్ష తప్పిన విద్యార్థులకు ఈ కథ చెప్పి ధైర్యము నూరిపోయుట ఉపాధ్యాయులలో పరిపాటి. అందులో తప్పులేదు గాని, నగలు అమ్మిన తల్లిని కూడ ఆ కథలో చెప్పుట న్యాయము.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము రామకృష్ణ మఠము వైపు మనస్సు లాగినది. సన్యాసమునకు తల్లి ఒప్పుకొనలేదు. వైద్యము చదివినచో సేవయు జరుగును, సంసారమును నిలుచునని మదరాసు వైద్యకళాశాలలో చేరినారు. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తమ కుమార్తె శేషగిరిని 1919లో ఇచ్చి వివాహము చేసి, అల్లుని చదువునకు తోడ్పడినారు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగారమునకు ఖద్దరు అంగీ ధరించి పోయినారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. చివరకు చేతికి వచ్చినది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము కాదు, ఎల్.ఎం.ఎస్. అను తక్కువ తరగతి పట్టము. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో దారి మూసికొనిపోగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించినారు.

ఆ దినములలోనే ఇంటిపై పిడుగు పడినది. కొద్దిదినముల యెడముతో ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధివలన మరణించినారు. ఇది గ్రహణి జాతికి చెందిన రోగము. తిన్నది ఒంటికి పట్టదు, నోరు పూయును, రక్తము క్షీణించును. ఆనాటి పాశ్చాత్యవైద్యములో దీనికి నికరమైన మందు లేదు. ఉష్ణదేశ రోగములను గూర్చి అమెరికాలో చదువవలెనన్న పట్టుదల ఈ దుఃఖముతో గట్టిపడినది. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి కొంత ఇచ్చినది; మామగారు కొంత ఇచ్చినారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావుగారు బోస్టను నగరము చేరినారు. రెండు మూడేండ్లలో తిరిగి వత్తునని చెప్పి భార్యను ఇంట విడిచి పోయినవారు మరల ఈ నేల త్రొక్కలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యపాఠశాలలో ప్రవేశము దొరకినది గాని ఉపకారవేతనము దొరకలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రము చేయు పనికి కుదురుకొని పగలు చదివినారు. డిప్లొమా పుచ్చుకొనిన పిమ్మట అదే విశ్వవిద్యాలయములో ఆటో ఫోలిన్ ఆచార్యుని జీవరసాయనశాఖలో చేరి, సైరస్ ఫిస్కే అను ఉపాధ్యాయుని క్రింద పని మొదలుపెట్టినారు.

ఇచ్చట కొంచెము నిలువవలెను. సుబ్బారావుగారిని గూర్చి వ్రాసిన వ్యాసములలో మందుల పేర్లు దండగా గ్రుచ్చుట ఎక్కువ. 1925లో వచ్చిన చిన్న కొలత పద్ధతిని ఒక వాక్యములో దాటిపోవుట ఎక్కువ. కాని వారి తక్కిన జీవితమంతయు ఆ కొలతపై కట్టిన ఇల్లు.

జీవపదార్థములో భాస్వరము ఎంత ఉన్నదో కనుగొనుట ఆనాడు శ్రమతో కూడిన పని. ఫిస్కే, సుబ్బారావుగార్లు దానిని రంగుతో కొలిచినారు. భాస్వర లవణము గల ద్రావణములో మాలిబ్డినము లవణమును, ఆమ్లమును కలిపి, ఆపైన తగిన క్షయకరణి నొకదానిని చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత హెచ్చైన నీలి అంత చిక్కన. తెలిసిన పరిమాణముగల ద్రావణము ప్రక్కన పెట్టి రంగులు పోల్చిన లెక్క తేలును. ఇంత సులువైన పద్ధతి గనుకనే ప్రపంచమంతట ప్రయోగశాలలు దీనిని అందుకొన్నవి. నేటికిని జీవరసాయన విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అను పేరుననే దీనిని నేర్చుకొనుచున్నారు.

ఆ పద్ధతియే వారికి మరియొక ద్వారము తెరచినది. కండరము నుండి తీసిన ద్రవములో నీలిరంగు ఉండవలసిన వేగముతో రాలేదు. మెల్లమెల్లగా చిక్కనగుచు పోయినది. మరియొకరైనచో పరికరము చెడినదనుకొని ద్రవము పారబోసియుందురు. ఆ ఆలస్యమునకు కారణము వెదకగా, ఆమ్లము తగిలినంతనే నెమ్మదిగా విడిపోవు భాస్వర సమ్మేళనము ఒకటి కండరములో ఉన్నదని తేలినది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించినారు. అదే యేట ఇంగ్లాండులో ఎగిల్‌టన్ దంపతులును ఆ జాడ కనుగొనినారు. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసినారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే యేట దానిని కనుగొనినాడు. జీవకణము తన పనులకు శక్తిని ఖర్చుపెట్టు నాణెము ఎ.టి.పి. అని తరువాతి వారు తేల్చినారు. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు వచ్చినది. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము హార్వర్డులో రాలేదు.

1940లో వారు న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ అను చోటనున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయినారు. 1942లో పరిశోధనలకు అధిపతియైనారు. తరువాతి ఆరేండ్లలో అచ్చటినుండి వెలువడినవి చూచినచో ఒక మనిషి ఆయుర్దాయము చాలదనిపించును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. కాలేయములో అణుమాత్రముగానున్న ఈ జీవపోషకమును వేరుచేసి, దాని కట్టుబడి తెలిసికొని, 1945లో కృత్రిమముగా తయారుచేసినారు. ఆ వివరము ప్రకటించిన పత్రముపై పదునారు పేర్లున్నవి. వాటి నడుమ ఒకటి సుబ్బారావుగారిది. స్ప్రూ రోగులకు ఈ ఆమ్లమునిచ్చి వైద్యులు గుణము చూచినారు. సోదరులు పోయిన పాతికేండ్లకు ఆ రోగమునకు మందు దొరకినది.

రెండవది ఫోలిక్ ఆమ్లమునకు మారువేషము. దాని అణువులో ఒక మూలనున్న చిన్న భాగమును తీసి వేరొకటి పెట్టినచో, కణము దానిని ఫోలిక్ ఆమ్లమేయని భ్రమసి పుచ్చుకొనును. కాని దానితో పని జరుగదు. విపరీతముగా పెరుగు కణములు మొదట దెబ్బతినును. అమినోప్టెరిన్ అను ఇట్టి మందును బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, 1948 జూనులో ఫలితములు ప్రకటించినాడు. పదునారుగురిలో పదిమందికి గుణము కనబడినది. అది తాత్కాలికమే యైనను అంతకు పూర్వము ఆ రోగములో అంతమాత్రమును లేదు. దాని సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

మూడవది బోదకాలు జబ్బునకు మందు హెట్రజాన్, 1947లో. కాలువగట్ల ఊళ్లలో, దోమలు ముసురుకొను డెల్టాలో పుట్టినవారికి బోదకాలు పుస్తకములో చదువవలసిన రోగము కాదు. నాల్గవది ఆరియోమైసిన్. వృద్ధుడైన బెంజమిన్ డగ్గరు మట్టి మచ్చులను వెదకి వెదకి పట్టిన బంగారువన్నె బూజునుండి వచ్చిన ఈ మందు 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ కుటుంబములో ఇది పెద్దబిడ్డ.

ఇక పాలిమిక్సిన్. తెలుగులోను ఇంగ్లీషులోను వచ్చిన పెక్కు జీవితచరిత్రలు దీనిని నేరుగా సుబ్బారావుగారి ఖాతాలో వ్రాయుచున్నవి. కొంచెము సరిచూచుకొనవలసిన మాట యిది. 1947లో దీనిని ప్రకటించినవారు లెడర్లీకి మాతృసంస్థయైన అమెరికన్ సయనమిడ్‌వారి స్టామ్‌ఫర్డ్ ప్రయోగశాలలోని స్టాన్‌స్లీ, అతని తోడివారు. అదే యేట ఇంగ్లాండులో వేరొక వర్గము స్వతంత్రముగా అట్టి పదార్థమునే కనుగొనినది. పెన్సిలినుకు లొంగని జాతుల సూక్ష్మజీవులకు మందు వెదకవలెనని ఆ సంస్థలో సాగిన ఉద్యమమునకు సుబ్బారావుగారు ఒక ప్రధానసారథి. కనిపెట్టిన చేయి మాత్రము ఇతరులది. తమ పేరు వెనుకకు నెట్టుకొనుటయే అలవాటైన మనిషికి పరుల పేరు కట్టబెట్టుట గౌరవము కానేరదు.

పాలిమిక్సిన్ పని తీరు వేరు. పెన్సిలిన్ సూక్ష్మజీవి కట్టుకొను గోడను కట్టనీయదు. ఆరియోమైసిన్ లోపలికి పోయి మాంసకృత్తుల తయారీని ఆపును. పాలిమిక్సిన్ పొరనే చీల్చును. అది పది అమైనో ఆమ్లములు గల చిన్న పెప్టైడు; ఏడు చేరి ఉంగరమైనవి, మూడు తోకగా నిలిచినవి, ఆ తోక చివర కొవ్వు ముక్క ఒకటి. ఉంగరముపైనను తోకపైనను కలిసి అయిదుచోట్ల ధనవిద్యుదావేశము. సూక్ష్మజీవి వెలిపొరలో భాస్వర సమూహములుండుటచే అక్కడ ఋణావేశము. ఆ సమూహములను కాల్షియము, మెగ్నీషియము అణువులు కుట్టుదారమువలె పట్టియుంచును. పాలిమిక్సిన్ వచ్చి ఆ దారమును తప్పించి తాను కూర్చుండును. ఆపైన దాని కొవ్వు తోక పొరలోనికి దిగును. పొర సడలి లోపలి సరుకు కారిపోవును. కుంకుడురసము ఒకవైపు నీటిని, ఒకవైపు నూనెను పట్టుకొని జిడ్డు వదలించుట ఎరిగిన ఇల్లాలికి ఈ విద్య కొత్తది కాదు. మనుష్యుని కణముల వెలిపొరకు అంతటి ఋణావేశము లేకపోవుటయే మందునకు విషమునకు నడుమనున్న కొలది తేడా. ఆ తేడా చాలనిచోట మూత్రపిండములు దెబ్బతినినవి. అందుచే మంచి మందులు వేరే వచ్చిన పిమ్మట పాలిమిక్సిన్లు కొన్ని దశాబ్దములు అటకెక్కినవి.

సుబ్బారావుగారు ఈ కథ ముగింపు చూడలేదు. 1948 ఆగస్టు 8న న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి మరణించినారు. వయస్సు 53 సంవత్సరములు. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు, స్వదేశమునకు రాలేదు, ఇరువదియారేండ్లు ఎదురుచూచిన భార్యను మరల చూడలేదు. పెద్ద బహుమానము రాలేదని మనవారు వగచుట కద్దు. ఆమె ఎదురుచూపును గూర్చి అంతగా వగచినట్లు కానరాదు.

వారు పోయిన పదునైదేండ్లకు, 1963లో, మెరిఫీల్డు అను అమెరికా రసాయనవేత్త అమైనో ఆమ్లములను ఒక్కొక్కటిగా గట్టి గింజలపై అల్లుచు కోరిన పెప్టైడును తయారుచేయు మార్గము చూపినాడు. దానితో ప్రకృతి ఇచ్చినదానిని పుచ్చుకొనుటయే గాక, మార్చి చూచుట సాధ్యమైనది. పట్టుపురుగు జాతి కీటకముల రక్తములో 1981లో సెక్రోపిన్ అను పెప్టైడు, 1987లో కప్పచర్మములో మాగైనిన్ దొరకినవి. 1990లో సెక్రోపినుకు అద్దములోని ప్రతిబింబము వంటి రూపమును తయారుచేసి చూచినారు. తాళమునకు తాళపుచెవివలె అది పొరపై ఒక నిర్ణీతస్థానములో అమరవలసియున్నచో ప్రతిబింబము పనిచేయరాదు. అదియు సూక్ష్మజీవులను చంపినది. పొరయే దాని గురియని దీనితో రూఢియైనది. పాలిమిక్సిన్ విషయములో 1983లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు కొవ్వు తోకను కోసివేసి తొమ్మిది అమైనో ఆమ్లములే మిగిల్చినారు. అది సూక్ష్మజీవిని చంపలేదు గాని, వెలిపొరను వదులుచేసి ఇతర మందులకు దారి ఇచ్చినది. ఒక్క భాగమును మార్చి అణువు గుణమును మార్చుట ఫోలిక్ ఆమ్లముతో పెరల్ రివర్‌లో జరిగిన పనియే.

తెలుగునాటను ఈ కృషి జరిగినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయములో నాగరాజ్, సీతారామ్ అను శాస్త్రజ్ఞులు ఎద్దు బీజద్రవములోని ఒక మాంసకృత్తునుండి 13 అమైనో ఆమ్లముల భాగమును కృత్రిమముగా తయారుచేసి 1990లో ప్రకటించినారు. అది బాక్టీరియాను చంపినది. ఎర్ర రక్తకణములను కూడ పగులగొట్టినది. ఒక గుణమును నిలిపి రెండవదానిని తొలగించుట ఎట్లు? ఏ అమైనో ఆమ్లమును మార్చవలెను, ధనావేశము ఎంత ఉండవలెను, కొవ్వును కోరు గుణము ఎంత తగ్గవలెను? ఈ శాస్త్రమునకు ముడి పడినచోటు ఇదియే. ధనావేశము చాలనిచో పెప్టైడు సూక్ష్మజీవిని గుర్తుపట్టదు. కొవ్వును కోరు గుణము మితిమీరినచో మనుష్యుని కణమును సూక్ష్మజీవిని వేరుచేసి చూడదు.

సూక్ష్మజీవి కూడ ఊరకుండదు. కొలిస్టిన్‌కు లొంగకుండుటకు ఉపకరించు ఒక జన్యువును చైనాలో కనుగొనినట్లు 2015లో తెలిసినది. సూక్ష్మజీవినుండి సూక్ష్మజీవికి చేతులు మారగల జన్యువది. అది చేయించు పని మిక్కిలి చిన్నది. వెలిపొరలోని భాస్వర సమూహమునకు ధనావేశము గల చిన్న తొడుగు నొకదానిని తగిలించును. ఋణావేశము తగ్గును, మందునకు పట్టు దొరకదు. చెరువులకును మేతలకును నిషేధము వచ్చుట కిది పూర్వరంగము.

ఇట్టి పెప్టైడులను పరీక్షించు శాస్త్రజ్ఞులు ముందుగా కృత్రిమమైన పొరలు తయారుచేసికొందురు. భాస్వరము గల కొవ్వును నీటిలో కలిపిన సూక్ష్మమైన బుడగలు ఏర్పడును; వాటికి లైపోసోములని పేరు. లోపల రంగు నింపి, పెప్టైడు చేర్చి, రంగు ఎంత కారినదో చూతురు. ఎన్ని కొవ్వు అణువులకు ఎన్ని పెప్టైడు అణువులు చేరినప్పుడు పొర తూట్లు పడునన్నదే అసలు ప్రశ్న. పెప్టైడు లెక్క తెలిసినదే. కొవ్వు లెక్క తెలియుట ఎట్లు? సాధారణముగా ఒక్కొక్క కొవ్వు అణువులో ఒక్క భాస్వర పరమాణువుండును. అందుచే ఆ బుడగలను కొంచెము తీసి ఆమ్లముతో కాచి, భాస్వరమును విడదీసి, మాలిబ్డినము లవణము కలిపి, రంగు వచ్చువరకు వేచియుందురు. 1959లో బార్ట్‌లెట్ దిద్దిన రూపములో ప్రయోగశాలలు వాడు ఆ పద్ధతికి మూలము 1925 నాటి ఫిస్కే-సుబ్బారావు పద్ధతియే. గొట్టములో నీలిరంగు చిక్కబడిన తరువాతనే పొరపై పెప్టైడు పని లెక్కకు వచ్చును.